మూతికి మాట

కావలి ట్రంకు రోడ్డు మీద
టైర్ల కొట్టు పైన మా గది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు,
కిటికీకి రెండు పాత పరుపులు.
లారీ వస్తే ఆగుతాం, పోయాక మళ్ళీ మొదలు.
ఈ వారం ఫ్రెంచి సినిమా.

కథేమంత లేదు.
ఒక ముసలామె పుట్టినరోజు భోజనానికి
ముగ్గురు కొడుకులు, విడాకులిచ్చిన ఇద్దరు కోడళ్ళు,
ఎవరూ పిలవని ఒక వియ్యంకుడూ వస్తారు.
గంటన్నర తింటారు, తిట్టుకుంటారు.
కేకు మాత్రం కుక్క తింటుంది.

నాకు ఫ్రెంచి రాదు.
ఇంగ్లీషు కాగితం పంపుతారు.
అందులో నవ్వు ఉండదు,
నవ్వు ఉండిన చోటు ఉంటుంది,
మేకు పీకేసిన గోడ చిల్లులాగా.

అందుకని కాగితం బోర్లించి మూతులు చూస్తా.
ఎప్పుడు చూసినా పొయ్యి ఊదుతున్నట్టు
ముందుకి సాగిన పెదాలు.
హిందీ రాసే ఆయన ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు.
నాకు నవ్వొచ్చింది.
పప్పు, చారు, మొగుడు, పొగరు, గొడ్డు...
మనం మాట దించేదే ఆ మూతి దగ్గర.
ఆ రాత్రంతా ఒక్కదాన్నే కూర్చుని
దొరికిన ప్రతి మాటకీ కొమ్ములిచ్చుకుంటూ పోయాను.

ముసలామెకి గొంతు మస్తానమ్మది.
బస్టాండు వెనక దోసెల బండి.
కారం దోసె తిరగేస్తూ అప్పు గిరాకీని తిడుతుంటే విని
పట్టుకొచ్చాను.
"నేనేడ, ఆ దొరసానేడ!" అంది మైకు చూసి.
తెర మీద పెద్దకొడుకు తలుపు తోసుకుని రాగానే
"వచ్చినావూ, కూటి వాసనకు!"
కాగితంలో లేదు.
మూతి కలిసింది.

బూజు పట్టిన జున్ను తెచ్చి
బల్ల మధ్యలో పెట్టి కళ్ళు మూసుకుని వాసన చూస్తారు.
"పారెయ్యకుండా ఏందమ్మే ఆ మురిపెం?"
మన ఎండుచేప అనుకో, అన్నాను.
తరవాతి టేకులో ఆమె గొంతులో నీళ్ళూరాయి.

చప్పుళ్ళు వేరే ట్రాకులో వస్తాయి, మాటలు తీసేసి.
ఒకసారి అదొక్కటే పెట్టుకుని విన్నాం.
మనుషుల్లేని భోజనం.
గ్లాసుకి గ్లాసు తగలడం,
కుర్చీ కోపంగా వెనక్కి జరగడం,
ఒక చెంచా గాల్లో ఆగి, ఆలోచించి
పళ్ళెం మీద వాలడం.
"ఇది చేసినోడు ఎవురో గాని
పంక్తిలో కూసుని మాట పడిన మనిషే" అంది.

చివరి పేర్లు ఆపి ఆపి చూశాం.
దీపాలు మోసినవాళ్ళు, కుక్కని మేపినామె,
అదే కోడిని ఎన్నిసార్లో వేపిన వంటాయన.
చప్పుళ్ళ మనిషి దొరికాడు.
పేరులో ఆఖరి మూడక్షరాలు అక్కడ పలకరట.
"పలకనప్పుడు రాయడం దేనికి?
మమ్మల్ని పలికిచ్చుకుంటారు, రాయరు!"
నేను నీళ్ళ సీసా వెతుక్కున్నాను.

ఒక్క జోకు మిగిలిపోయింది.
నడిపి కొడుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని ఏదో అంటాడు.
బల్లంతా పదకొండు సెకన్లు నవ్వుతుంది.
కాగితంలో 'శ్లేష, కుదరదు' అని ఉంది.
ఏడు రాశాను. ఏడూ చప్పగా చచ్చాయి.

మస్తానమ్మ తెరకి దగ్గరగా జరిగింది.
"మళ్ళీ ఎయ్యి... ఇంకోసారి...
ఆమెకీ అర్థం కాలేదమ్మే.
చూడు, అందురూ నవ్వినాక
వాళ్ళ మొహాలు చూసి నవ్వతా ఉంది."

ఇరవై సార్లు చూసినదాన్ని నేను.
ఆ నటి ఆ అర సెకను
ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టుకుంది.

కొడుకు చేత ఏదో గొణిగించాం.
మస్తానమ్మ ఆగింది,
ఆ ఆగడంలో
బండి ముందు కుర్రాళ్ళు ఫోన్లు చూసి నవ్వుతుంటే
తనూ పళ్ళు బయటపెట్టిన సాయంత్రాలున్నాయేమో,
ఆలస్యంగా, కొంచెం ఎక్కువగా నవ్వింది.

అప్పుడే లారీ వచ్చింది.
ఆపమని చెయ్యి ఎత్తి
దించేశాను.

అలాగే పంపేశాం.
ఆదివారం మధ్యాహ్నం వేస్తారట.
ఫ్రాన్సులో ఆ భోజనాల బల్ల కింద
చప్పుళ్ళ మనిషికి తెలియకుండా
నెల్లూరు వైపు పోతూ ఒక హారను.